"ప్యూర్ జంగిల్" చీటీతో ఇచ్చిన పిల్లల సంగతి, నా తప్పు సంగతి

మన దగ్గర కార్పెట్ కొండచిలువ పిల్లల్ని తీసుకున్న వాళ్లందరికీ, ముఖ్యంగా మా ఆడపాము రాణి పెట్టిన మూడు క్లచ్‌ల్లోంచి (క్లచ్ అంటే ఒక విడతలో పెట్టిన గుడ్లు) తీసుకున్న వాళ్లకి ఇది రాస్తున్నా. నాన్చకుండా చెప్పేస్తా, డబ్బా మీద నేను అంటించిన "ప్యూర్ జంగిల్" చీటీ తప్పు. పిల్లలకి ఏ జబ్బూ లేదు, బాగా తింటున్నాయి, కంగారు పడకండి. కానీ జంగిల్ అనేది కార్పెట్‌లలో చిన్న రకం, వీటిలో ఇంకా పెద్దగా పెరిగే కోస్టల్ అనే రకం రక్తం కూడా ఉంది, ఆ సంగతి అమ్మకముందే నేను కనిపెట్టాల్సింది.

ఎలా బయటపడిందంటే, మొదటి క్లచ్‌లో పిల్లని తీసుకున్న ఒక తమ్ముడు పోయిన నెల ఫోన్ చేసి "అక్కా, ఆరడుగులు అటూ ఇటూ అన్నారు కదా, ఇది అది దాటేసి చాలా రోజులైంది, మూడేళ్లేగా, ఇంకా పెరుగుతూనే ఉంది" అన్నాడు. కుబుసం కొలిచావా ఏంటి అని నవ్వా, ఎందుకంటే చాలామంది అదే కొలుస్తారు, విడిచేటప్పుడు సాగుతుంది కాబట్టి కుబుసం ఎప్పుడూ పాము కంటే పొడుగే వస్తుంది. కాదక్కా అని ఫొటో పెట్టాడు. నేల మీద వంకరగా పడుకున్న పాము, ముక్కు దగ్గర్నుంచి తోక కొస దాకా వెన్ను మీదుగా ఎర్ర ఊలు దారం, ఆ దారాన్నే పక్కన టేపు మీద పరిచి ఇంకో ఫొటో. ఏడడుగుల ఎనిమిది అంగుళాలు. ఇక నాకు నవ్వు రాలేదు.

పొడుగు ఒక్కటి చూసి ఏదీ తేల్చలేం, బాగా మేపితే జంగిల్ ఆడది కూడా ఏడడుగుల దాకా రావచ్చు. కానీ అదే ఫొటోలో తల చూశా, దాని నలుపు నిజమైన నలుపులా లేదు, ముదురు గోధుమ రంగు కలిసినట్టుంది, పసుపు కూడా మట్టి పట్టినట్టుంది. మా దగ్గరే ఉంచుకున్న ఆ క్లచ్ పిల్లలు రెండింటిని బయటికి తీసి పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూశా. ఒకటి అచ్చం జంగిల్. రెండోది... మూడేళ్లుగా రోజూ చూస్తున్నా కదా, కళ్లు అలవాటు పడిపోయాయి.

కొత్తవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లి చెప్తా. కార్పెట్ కొండచిలువ ఒకే జాతి, మొరేలియా స్పిలోటా, ఆ పేరు 1804 నాటిది. దాని కింద ఉపజాతులు చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ వైపు నల్లగా పసుపు చుక్కలతో ఉండేది డైమండ్, క్వీన్స్‌లాండ్ తూర్పు తీరం పొడుగునా ఉండేది కోస్టల్, ఇది తొమ్మిదడుగులు దాటగలదు. కెయిర్న్స్, అథర్టన్ వైపు వానల అడవుల్లో ఉండేది జంగిల్, చిన్నది, నలుపు పసుపు. మర్రే డార్లింగ్ నదుల వైపుది ఇన్‌లాండ్. న్యూగినీ నుంచి వచ్చేదాన్ని మనం ఇరియన్ జయా అంటాం, దానికి ఏ శాస్త్రీయ నామం పెట్టాలో పుస్తకాల వాళ్లకే ఇంకా కుదరలేదు. బ్రెడ్లై అని మనం కార్పెట్‌లతో పాటు అమ్మేది మాత్రం ఉపజాతి కాదు, అది వేరే జాతి. జంగిల్‌కీ కోస్టల్‌కీ విడివిడిగా పేర్లు పెట్టింది కూడా 1984లోనే. అడవిలోనే వీటి మధ్య గీత గీసినట్టు ఉండదండీ, డైమండ్ కోస్టల్ కలిసే చోట రెండు పోలికలూ ఉన్న పాములే తిరుగుతుంటాయి. ఇక పెంపకంలో అయితే చెప్పక్కర్లేదు, ఆస్ట్రేలియా తన పాముల్ని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు, కాబట్టి బయట ఉన్న జంగిల్, కోస్టల్ అంతా ఎప్పుడో వెళ్లిన పాత పాముల సంతానమే, వాటిని ఏ ఊరి దగ్గర పట్టారో రాసిపెట్టుకున్న వాళ్లు తక్కువ.

ఇంకో చిక్కు, పిల్లప్పుడు జంగిల్ నలుపు పసుపుగా ఉండదు. గుడ్డులోంచి బూడిద, గోధుమ, తెల్లటి పట్టీలతో వస్తుంది, పసుపు ఎక్కడానికి ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కోస్టల్ పిల్ల కూడా దాదాపు అదే రంగులో వస్తుంది. కాబట్టి నెల పిల్ల ఫొటో చూసి "ఇది ఫలానా ఉపజాతి" అని ఎవరైనా ఠక్కున చెప్పారంటే, వాళ్లు పామును చూసి కాదు, డబ్బా మీది చీటీ చూసి చెప్తున్నారని అర్థం. నేను చేసిందీ అదే. రాణిని పెద్దదయ్యాకే ఒకళ్ల దగ్గర కొన్నా, దానితో పాటు ఒక కార్డు ఇచ్చారు, దాని మీద జంగిల్, ఆడ, పుట్టిన ఏడాది, అంతే. తల్లెవరు తండ్రెవరు అని అడగలేదు, అంత అందంగా ఉంది మరి.

ఇప్పుడు అడిగా. వాళ్లు తటపటాయించి తటపటాయించి చెప్పిందేంటంటే రాణి తల్లి జంగిలే, తండ్రి మాత్రం జాగ్వార్. జాగ్వార్ అనేది ఉపజాతి కాదు, ఒక జన్యువు, 1990ల్లో యూరప్‌లో కోస్టల్ పాముల్లో మొదట కనిపించింది, ఆ తర్వాత అన్నిట్లోకీ ఎక్కించారు. అందుకే జంగిల్ జాగ్వార్ అన్నా ఇరియన్ జయా జాగ్వార్ అన్నా అందులో ఎంతో కొంత కోస్టల్ ఉన్నట్టే లెక్క. రాణి తండ్రి నేరుగా కోస్టల్ జాగ్వారేనట. మామూలు రంగుతో పుట్టింది కాబట్టి రాణిని "జాగ్వార్ సిబ్" (అంటే జాగ్వార్ పిల్లలతో పాటు పుట్టిన, ఆ జన్యువు లేని తోబుట్టువు) అని అమ్మాల్సింది, జంగిల్ అని అమ్మారు. అంటే రాణి సగం కోస్టల్, మీ దగ్గరున్న పిల్లలు సుమారు పావు వంతు కోస్టల్.

ఒక ధైర్యం చెప్తా, జాగ్వార్ జన్యువు దాక్కుని ఉండేది కాదు, ఉంటే రంగులో కనపడి తీరుతుంది. కనక జాగ్వార్‌లలో కనిపించే తల ఊగడం, మెలికలు తిరగడం లాంటి నరాల సమస్య ఆ జన్యువు వైపు నుంచి మీ పిల్లలకి రాదు. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే పోలా అని ఇద్దరు అడిగారు. మామూలుగా చేసే మైటోకాండ్రియా పరీక్ష తల్లి వైపు సంగతే చెప్తుంది, ఇక్కడ తల్లికి తల్లి, అంటే అమ్మమ్మ వైపు వరస జంగిలే, కలిసింది తాతయ్య వైపు నుంచి, ఆ పరీక్ష చేయిస్తే రిజల్ట్ చక్కగా జంగిల్ అనే వస్తుంది, దాన్ని పట్టుకుని నేను మళ్లీ ప్యూర్ అని అమ్ముకోవచ్చు కూడా. ఆ పని చెయ్యను.

ఈ గొడవ చెప్పగానే మిగతా వాళ్లు కూడా మా పాము చూడండి మా పాము చూడండి అని ఫొటోలు పంపుతున్నారు, సంతోషమే. బాల్ పైథాన్ (అది వేరే కొండచిలువ జాతి) ఉన్న వాళ్లు అడగక్కర్లేదు, దానికి ఉపజాతులే లేవు, పాస్టెల్, బనానా, పైడ్ ఇవన్నీ మార్ఫ్‌లు, అంటే జన్యువుల వల్ల వచ్చే రంగుల రకాలు. బర్మీస్ కొండచిలువ ఉన్న వాళ్లకి మాత్రం చూసుకోవడానికి ఒక మంచి గుర్తు ఉంది. పక్క నుంచి కంటి కింద చూడండి, పై పెదవి పొలుసుకీ కంటికీ మధ్య చిన్న పొలుసుల వరస అడ్డంగా ఉంటే బర్మీస్, పెదవి పొలుసే నేరుగా కంటిని తాకుతుంటే ఇండియన్ కొండచిలువ. రంగు మారిపోయిన ఆల్బినోలో కూడా ఈ గుర్తు పోదు, భూతద్దం అక్కర్లేదు, ఫోన్ కెమెరాతో దగ్గరగా ఒక్క ఫొటో చాలు. బర్మీస్‌ని 2009 దాకా ఇండియన్‌కి ఉపజాతి అనేవాళ్లు, ఇప్పుడు వేరే జాతి. ఇది ఉత్త పేర్ల గోల కాదు, సైటీస్‌లో (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాల ఒప్పందం) ఇండియన్ ఎక్కువ కట్టడి ఉన్న మొదటి అనుబంధంలో ఉంది, బర్మీస్ రెండో దాంట్లో, కాగితాల దగ్గర ఆ తేడా పెద్దది. రెండూ కలిపిన క్రాస్‌లు కూడా ఉంటాయి, వాటిలో ఒక కంటికి ఒకలా ఇంకో కంటికి ఇంకోలా ఉంటే నన్ను తిట్టుకోకండి.

కార్పెట్‌లలో అలాంటి ఒక్క పొలుసు గుర్తు నాకు దొరకలేదు. రంగు, సైజు, తల ఆకారం అన్నీ కలిపి అంచనా వెయ్యడమే, అసలు ఆధారం తల్లిదండ్రుల రికార్డు. అది లేనప్పుడు ఇకమీదట నా చీటీ మీద "కార్పెట్" అని మాత్రమే ఉంటుంది. అమ్మకం తగ్గుతుందని తెలుసు, మా ఆయన ఆ మాట ఇప్పటికే నాలుగుసార్లు గుర్తుచేశాడు.

ఇక మీ సంగతి. రాణి పిల్లల్ని తీసుకున్న ముప్పై ఒక్క మందిలో ప్యూర్ జంగిల్ అనే మాటకి ఎక్కువ డబ్బు ఇచ్చిన ప్రతి ఒక్కళ్లకీ ఆ ఎక్కువ మొత్తం వెనక్కి ఇస్తున్నా, అడగక్కర్లేదు, వరసగా నేనే ఫోన్ చేస్తా. బ్రీడింగ్ కోసం తీసుకున్న వాళ్లు పాముని వెనక్కి ఇస్తామన్నా తీసుకుంటా, పూర్తి డబ్బు ఇచ్చేస్తా, వాయిదాల్లో ఇవ్వాల్సి రావచ్చు, అది ముందే చెప్తున్నా. ఉంచుకునే వాళ్లు ఆరడుగుల లెక్కన కట్టించుకున్న ఎన్‌క్లోజర్ చాలదేమో చూసుకోండి, ముఖ్యంగా ఆడవి. ఇప్పటికే ఒకదానితో ఒకటి జత కట్టించి ఆ పిల్లల్ని జంగిల్ అని అమ్మిన వాళ్లు ఇద్దరున్నారు, దయచేసి మీ కొన్నవాళ్లకి కూడా చెప్పండి, ఏం చెప్పాలో తెలియకపోతే ఇదే పంపండి.

రాణి ఈసారి పెట్టిన పంతొమ్మిది గుడ్లు ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి, ఇంకో మూడు వారాల్లో పగులుతాయి. బుక్ చేసుకున్న ఏడుగురికి అడ్వాన్స్ తిప్పి పంపించేశా. క్రాస్ అయినా పర్లేదు కావాలి అనుకుంటే మళ్లీ ఒక మెసేజ్ పెట్టండి, కొత్త చీటీలో తల్లి పేరు, తండ్రి పేరు, తాతయ్య జాగ్వార్ అని కూడా రాసి ఇస్తా.