పాడేరు ఘాట్‌లో ఆదివారం మూడు గంటలు: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

ఉండేది విశాఖలో. వయసు యాభై దాటింది. పన్నెండేళ్లుగా నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం మాడుగుల వైపు నుంచి పాడేరు ఘాట్ ఎక్కుతున్నాను, సైకిల్ మీద. పందేల మనిషిని కాను, నన్ను దాటుకుపోయిన సైకిళ్లే ఎక్కువ. కొత్త రోడ్డు వేయమనో, నిధులివ్వమనో ఈ ఉత్తరం రాయడం లేదు. ఉన్న రోడ్డుని వారంలో మూడు గంటలు, ఆదివారం పొద్దున, టూరిస్టు కార్లు లేకుండా నిశ్శబ్దంగా దాని మానాన దాన్ని ఉండనిమ్మని అడుగుతున్నాను.

మీరు ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. కానీ కారు అద్దాలెత్తి వెళ్లినవాళ్లకి ఆ ఘాట్ సగమే తెలుస్తుంది. చీకటితోనే సైకిల్‌ని కారు వెనక కట్టుకుని చోడవరం మీదుగా మాడుగుల చేరతాను (అవును, నాదీ కారే, ఆ దోషం నాకూ ఉంది). హల్వా కొట్లు అప్పటికింకా తెరవరు, అది దిగొచ్చాక సంగతి. కొండ మొదట్లో టీ కాచే ముసలమ్మ ఇన్నేళ్లయినా అదే ప్రశ్న వేస్తుంది: "బస్సు తప్పిపోనాదేటి బాబూ?" డబ్బుండీ సైకిల్ తొక్కే మనిషి ఉంటాడంటే ఆవిడ నమ్మదు.

అక్కణ్ణించి ఎక్కుడే. నా కాళ్లకి గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు, అంతే. ఆ వేగంలో వెళ్తే జీలుగు చెట్టుకి కట్టిన కల్లు కుండ కనిపిస్తుంది, అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని అడ్డదారిన దిగే మనిషి కనిపిస్తుంది. కొండ పక్క కాలవలో నీళ్లు, చైను కిటకిట, నా ఆయాసం తప్ప ఇంకేం వినపడదు. పైకి పోయేకొద్దీ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, నీడన కాఫీ. వేసవిలో వాన పడ్డాక కాఫీ పూసిందంటే మల్లెపూల వాసన రోడ్డు మీదకొస్తుంది. మూడు నాలుగు రోజుల పూత, తర్వాత వడిలిపోతుంది. "అరకు వ్యాలీ అరబికా" అని ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వాసనకి గుర్తింపు ఇచ్చేవాళ్లెవరూ లేరు.

అయితే నేను నిశ్శబ్దం అడుగుతున్నది ఈ వాసన కోసమో, పిట్టల కూత కోసమో అనుకోకండి. సైకిల్‌కి అద్దం ఉండదు. వెనక ఏమొస్తోందో నాకు చెప్పేది చెవులే. ఘాట్ నిమ్మళంగా ఉంటే రెండు మలుపుల కింద లారీ గేరు మార్చడం పైకి వినిపిస్తుంది. ముక్కుతూ వస్తోందంటే లోడు లారీ, ఒకే శ్రుతిలో వస్తోందంటే బస్సు. అది నా దాకా వచ్చేలోపు ఎక్కడ పక్కకి తప్పుకోవాలో చూసుకునే తీరిక ఉంటుంది. మలుపుల్లో హారన్ కొట్టేవాళ్ల మీద నాకు కోపం లేదు, అది కొట్టాల్సిందే. నా కంప్లయింటంతా కార్ల డిక్కీల్లో పెట్టే పాటల పెట్టెల మీద. అవి నాలుగు మలుపుల మేర ఘాట్‌ని కమ్మేస్తాయి. అప్పుడు నాకు ఏ బండి ఎటునుంచి వస్తోందో అంతు చిక్కదు. ఆ పాట పెట్టినతనికీ అవతలి హారన్ వినపడదు.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద కనిపించే మబ్బుల పేరు ఊరూరా పాకినప్పటి నుంచి ఈ ఘాట్ ఆదివారాల లెక్క మారిపోయింది. సూర్యోదయం చూడాలని జనం అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున కార్లలో పైకి పోతారు. ఆ తర్వాత కాసేపు సద్దుమణుగుతుంది. మబ్బులు చూసేసినవాళ్లు, నిద్ర లేని కళ్లతో, ఎనిమిది కాకముందే దిగడం మొదలెడతారు. నిద్ర చాలనివాడు ఘాట్ దిగుతుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో ఇదే ఘాట్‌లో బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి. ఆ బస్సు నడిపిన మనిషిని నేనేమీ అనడం లేదు. రోజూ తిరిగే బస్సుకే తప్పని ప్రమాదం, మొదటిసారి వచ్చినవాడికి ఎంతో ఊహించమంటున్నానంతే.

కిందటి డిసెంబరులో నా వంతు వచ్చింది. అమ్మవారి పాదాల దగ్గర నాణెం వేసి, దణ్ణం పెట్టుకుని, ఇంకో మూడు మలుపులు ఎక్కానో లేదో, పైనుంచి దిగుతున్న కారొకటి మలుపులోనే బస్సుని దాటబోయి నా వైపు మొత్తం ఆక్రమించేసింది. పిట్టగోడకేసి వాలిపోయాను. మోకాలు చీరుకుపోయింది, వెనక గేరు కొక్కెం వంగి చైను ఊడింది. కారు ఆగలేదు. కాఫీ బస్తాలతో పైకి పోతున్న జీపతను ఆపి, సైకిల్ని బస్తాల మీద పడుకోబెట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు. పాడేరులో దింపి డబ్బులిస్తే తీసుకోలేదు. "కట్టు కట్టించుకో బాబూ ముందు" అన్నాడు. కొండదారి ఇరుకైన చోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనే ఆ మాటుంది. ఎక్కేది సైకిలైతే అది బండి లెక్కలోకి రాదని మనవాళ్ల నమ్మకం.

ఇక అడిగేది చెప్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆదివారాల్లో, ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు టూరిస్టు కార్లనీ టెంపోలనీ పైన పాడేరులోనూ కింద కొండ మొదట్లోనూ ఆపండి. పైన ఆగినవాళ్లు టిఫిన్ తిని, ఓ గంట కునుకు తీసి దిగుతారు. పాడేరు హోటళ్లవాళ్లు మిమ్మల్ని తిట్టరని హామీ ఇవ్వగలను.

ఊళ్లవాళ్ల బండ్లని మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపొద్దు. బస్సులు, సర్వీసు ఆటోలు, జీపులు, 108, కాఫీ, పసుపు మోసే లారీలు, సంతకి పోయే బైకులు యథాప్రకారం తిరగాలి. పాడేరు మనిషి సొంత కారులో వస్తే చిరునామా చూసి పంపేయండి. ఆ రోడ్డు వాళ్లది, నేను చుట్టపుచూపుగా వచ్చేవాణ్ణి. నా సరదా కోసం ఒక బాలింత కొండ మీద ఆగాల్సి వస్తే ఈ ఉత్తరం చింపి అవతల పారేయండి.

అధికారం లేదంటారేమో. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రజల భద్రత కోసం ఫలానా దారిలో ఫలానా బండ్లని ఆపే వీలిచ్చింది. భారీ వర్షాల రోజుల్లో మన ఏజెన్సీ ఘాట్లలో రాత్రి రాకపోకలు ఆపినప్పుడు ఎవరూ కాదనలేదు. నల్లమలలో మన్ననూరు, దోర్నాల మధ్య జంతువుల కోసం రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేట్లు వేస్తారు. మా విశాఖ బీచ్ రోడ్డులో తెల్లారగట్ల నడిచేవాళ్ల కోసం బండ్లని ఆపుతారు. అంతదాకా వాకర్స్‌కి చోటే లేదనుకున్న ఊరు ఒక్క తాడు కట్టి చోటు చూపించింది.

ఒక చిన్న పని కూడా ఉంది, దానికి ఏ సెక్షనూ అక్కర్లేదు. గుంతలకి ప్యాచ్ వేశాక మిగిలిన కంకర పిక్కని ఊడ్పించండి. పని అయిపోయాక ఆ నల్లరాయి పిక్క బండ్ల చక్రాలకి తగిలి చెదిరి మలుపు లోపలి అంచుకి చేరుతుంది. సరిగ్గా సైకిల్ దిగేది అక్కడే. సన్నటి టైరు కింద అది గుప్పెడు గోళీలు పోసినట్టే. మినుములూరు ఈవల ఒక కుర్రాడు, తొమ్మిదో పదో చదువుతుంటాడేమో, గేర్లు లేని పాత సైకిల్ మీద తమ్ముణ్ణి వెనకెక్కించుకుని దిగుతూ ఆ పిక్కలో జారడం చూశాను. బ్రేకు రబ్బరు అరిగి రిమ్ము ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. చెప్పు కాలు నేలకానించి ఆపుకున్నాడు. తమ్ముడు పడీపడీ నవ్వాడు, వాడికి భయం తెలిసే వయసు కాదు. రెండు చీపుళ్లు, ఒక పూట కూలీ, ఇంతే అయ్యే ఖర్చు.

ఒకటి మాత్రం వద్దు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌరఫలకాల సైకిల్ ట్రాక్ చూసి అలాంటిదొకటి ఇక్కడా మొదలెడదామని ఎవరైనా ఫైలు పెడితే దయచేసి ఒప్పుకోకండి. నగరానికి అది సరే. కొండకి ఆకుపచ్చ రంగు గీత, సెల్ఫీ పాయింటు, "సైకిల్ ఉత్సవం" పేరుతో డీజే వద్దు. చెట్టు కొట్టి సైకిల్‌కి దారి చేస్తే మేం ఎండలో తొక్కాలి.

ఒక నెల చేసి చూడండి. నాలుగు ఆదివారాలు. బాగోలేదంటే ఎత్తేయొచ్చు, కట్టింది ఏమీ ఉండదు గనక కూల్చేదీ ఉండదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పటి నుంచి ఈ ఘాట్ పై కొస మీ జిల్లాది, కింద మొదలు అనకాపల్లి జిల్లాది. పైన ఆపి కింద వదిలేస్తే పని జరగదు. అందుకని ఇదే ఉత్తరం ఇంకో ప్రతి అనకాపల్లి కలెక్టర్ గారికి కూడా పంపుతున్నాను. మీ ఇద్దరూ ఒకసారి ఫోన్లో మాట్లాడుకుంటే చాలు.

ఇట్లు,
పాడేరు ఘాట్ ఎక్కే ఒక సైకిల్ మనిషి,
విశాఖపట్నం