ఆ ఫారం నింపే ముందు ఇది చదువు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. పెట్టె మీద ఒక సైజు లేబుల్, లోపల ఇంకో సైజు సరుకు, కస్టమర్ నుంచి మళ్లీ కంప్లైంట్. అంతకుముందు ప్యాకింగ్‌లో ఒకతనికి మెమో ఇచ్చారు. పోయినసారి అందరినీ కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇచ్చారు. కొన్నాళ్లు సద్దుమణిగింది, ఇప్పుడు కథ మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి నీ చేతిలో 8డి ఫారం, అంటే సమస్యని ఎనిమిది మెట్లలో పరిష్కరించే పద్ధతికి వాడే ఫారం, పెట్టి వారంలో నింపి పంపమన్నారు. "ఎనిమిది గడులే కదరా, కూర్చుని ఏదో ఒకటి రాసేస్తే పోదా?" అని అడిగావు.

రాసేయకు. నీ మీద ఎంత టెన్షన్ ఉందో నాకు అర్థమైంది కానీ, ఒక్కడివే కూర్చుని ఆ గడులు నింపావంటే అది ఉత్త కాగితమే. కంప్లైంట్ మళ్లీ వస్తుంది, మళ్లీ నీ నెత్తికే చుట్టుకుంటుంది.

ఆ ఫారం వెనకున్న పద్ధతిని 1987లో ఫోర్డ్ కంపెనీ మాన్యువల్‌గా రాసి తన ఇంజనీర్ల చేతికిచ్చింది. దాని పేరే 'టీమ్ ఓరియెంటెడ్ ప్రాబ్లం సాల్వింగ్'. తర్వాత కార్ల విడిభాగాలు చేసేవాళ్లందరికీ పాకింది, అక్కణ్ణుంచి వేరే పరిశ్రమలకూ వెళ్లింది. ఫారం అనేది ఆ టీమ్ ఏం చేసిందో చివర్లో రాసుకునే రికార్డు మాత్రమే. చాలా చోట్ల ఇది తలకిందులైంది. ముందు ఫారం పుడుతుంది, పని ఎప్పటికీ జరగదు.

మీరు ఇంతవరకూ చేసినవన్నీ ఒక్కసారి వరసగా చూడు. మెమో, ట్రైనింగ్, ఇంకొకరి చేత రెండోసారి చెక్ చేయించడం. వీటిలో ఒక్కటి కూడా ఆ తప్పు ఎందుకు పుడుతోందో తెలుసుకున్నాక చేసింది కాదు. కారణం తెలియకముందే మందు వేశారు. 8డి గొప్పతనమంతా, నా దృష్టిలో, ఆ తొందరకు అడ్డుపడటంలోనే ఉంది. ఎనిమిది మెట్లలో శాశ్వత పరిష్కారం ఎంచుకోవడమనేది ఐదో మెట్టులో గానీ రాదు. మొదటి నాలుగూ మనల్ని ఆగమని చెప్పడానికే ఉన్నాయి.

ముందు టీమ్ సంగతి చూడు. ఐదారుగురు చాలు, కానీ ఆ ఐదారుగురు ఎవరన్నదే ముఖ్యం. హోదా చూసి ఎంచుకోకు. లేబుల్ చేత్తో అంటించే మనిషి ఉండాలి, రాత్రి షిఫ్ట్ నుంచి ఒకరుండాలి, లేబుల్ ప్రింట్ చేసేవాళ్లు, స్టోర్స్ నుంచి ఒకరు, ఆర్డర్లు సిస్టమ్‌లో ఎక్కించేవాళ్లలో ఒకరు. వీళ్లకి పైన, డబ్బు ఖర్చు పెట్టడానికీ పద్ధతి మార్చడానికీ అధికారమున్న ఒక పెద్ద మనిషి వెనక నిలబడాలి. ఛాంపియన్ అంటారు ఆయన్ని. ఆయన లేకపోతే మీరు కారణం కనిపెట్టి కూడా ఏమీ చేయలేరు. ఫారం తెచ్చిచ్చిన మీ మేనేజర్‌నే ఈ మాట అడుగు: "మేం ఏదైనా మార్చాలంటే సంతకం ఎవరిది?" ఆ జవాబు రాకుండా మొదటి మీటింగ్ పెట్టకు.

ఆ మొదటి మీటింగ్‌లో ఒక మాట నువ్వే పైకి చెప్పాలి, 'ఎవరు చేశారు' అన్నది ఇక్కడ ఎవరూ అడగబోరని. మెమో తిన్నతను ఆ గదిలో ఉంటాడు కదా, ఆ మాట వినకపోతే నోరు విప్పడు. అక్కడ జరిగేది నీకన్నా అతనికే బాగా తెలుసు. నాణ్యత గురించి పాఠాలు చెప్పిన అమెరికన్ నిపుణుడు డెమింగ్ తన అంచనాగా ఒక లెక్క చెప్పేవాడు: సమస్యల్లో 94 శాతం పని జరిగే వ్యవస్థలోంచే వస్తాయి, దాన్ని మార్చాల్సిన బాధ్యత మేనేజ్‌మెంట్‌దే అని. ఆ అంకె ఎంత కచ్చితమో అని వాదించుకోనక్కర్లేదు. నేను చూసినంతలో మాత్రం, మనిషిని మార్చినా అదే తప్పు ఆగకుండా వస్తోందంటే అది మనిషి తప్పు కాదు.

ఇక రెండో మెట్టు, సమస్యను వర్ణించడం. దీని మీదే ఎక్కువసేపు కూర్చో. మీ ఫారంలో ఇప్పటికే ఎవరో "ప్యాకింగ్ సిబ్బంది అజాగ్రత్త వల్ల లేబుల్స్ తారుమారు" అని రాశారన్నావు. అది సమస్య కాదురా, కారణం గురించిన ఊహ. ఆ వాక్యం అక్కడ ఉన్నంతసేపూ మీ టీమ్ ఆలోచన అజాగ్రత్త చుట్టూనే తిరుగుతుంది. కొట్టేయ్.

దాని బదులు ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క 'ఉంది', ఇంకో పక్క 'ఉండొచ్చు కానీ లేదు' అని రాసుకో. కెప్నర్, ట్రెగో అనే ఇద్దరు అమెరికన్లు ఈ ఆలోచనకు రూపమిచ్చారు. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది, కానీ దీని అంత పదునైన సాధనం ఈ పద్ధతి మొత్తంలో నాకు ఇంకోటి కనిపించలేదు. ఏ సైజుల్లో తప్పు వస్తోంది, ఏ సైజుల్లో రావడం లేదు? ఏ లైన్‌లో వస్తోంది, అదే పని చేసే ఏ లైన్‌లో రావడం లేదు? ఏ షిఫ్ట్? ఎప్పట్నుంచి, అంతకుముందు ఎందుకు లేదు? బ్యాచ్ మొదట్లో వచ్చే పెట్టెల్లోనా, మధ్యలోనా, చివర్లోనా?

మాటవరసకు ఇలా తేలిందనుకో: తప్పు రెండు పక్క పక్క సైజుల్లోనే ఉంది, మిగతా వాటిలో లేదు. రెండో లైన్‌లో ఉంది, ఒకటో లైన్‌లో లేదు. సైజు మారిన తర్వాత వచ్చే మొదటి కొన్ని పెట్టెల్లోనే ఉంది, బ్యాచ్ మధ్యలో లేదు. ఇప్పుడు చెప్పు, అజాగ్రత్త అనే జవాబు దీనికి అతుకుతుందా? అజాగ్రత్తకి సైజుల తేడా ఏం తెలుసు? అదే కారణమైతే అన్ని సైజుల్లోనూ, అన్ని వేళల్లోనూ కనిపించాలి కదా. కుడి పక్క ఉన్న 'లేదు'లు ఒక్కొక్కటీ తప్పుడు ఊహల్ని ఏరి అవతల పారేస్తాయి. చివరికి మీ చూపు సైజు మారే ఆ కొద్ది నిమిషాల మీద పడుతుంది. ఇదంతా ఎవర్నీ తిట్టకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

ఈ వివరాలు మీటింగ్ రూమ్‌లో గుర్తుచేసుకుని రాయొద్దు. పాత కంప్లైంట్లు తీయండి, బ్యాచ్ నంబర్లు చూడండి, లైన్ దగ్గరికి వెళ్లి సైజు మారుతున్నప్పుడు నిలబడి చూడండి. రాత్రి షిఫ్ట్‌లో కూడా.

మూడోది తాత్కాలిక కట్టడి. ఇది మీరు బాగానే చేస్తారు, ఎందుకంటే ఇంతకాలం చేస్తున్నది ఇదే. గోడౌన్‌లో ఉన్న సరుకు, దారిలో ఉన్నది, కస్టమర్ దగ్గర ఇంకా విప్పనిది, అన్నీ ఏరి చూడాలి. కారణం దొరికేవరకూ ఆ రెండు సైజుల పెట్టెల్ని అదనంగా చెక్ చేయాలి. అసలైన పని నడుస్తుండగా కస్టమర్‌ని మళ్లీ ఇబ్బంది పెట్టకూడదు, అంతవరకే దీని పాత్ర. జ్వరానికి వేసే మాత్ర లాంటిది, అవసరమే, కానీ రోగం దానితో పోదు. అందుకని ఆ అదనపు చెకింగ్ పక్కనే 'ఏది జరిగాక దీన్ని తీసేస్తాం' అని ఒక వాక్యం రాసి పెట్టు. అది రాయకపోతే ఆ చెకింగ్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. చేసేవాళ్లు కూడా క్రమంగా తూతూమంత్రంగా చేస్తారు.

నాలుగో మెట్టు అసలు కారణం. ఐదుసార్లు 'ఎందుకు' అని అడిగే పద్ధతి నీకు తెలిసిందే. టయోటా కార్ల కంపెనీలో ఉత్పత్తి పద్ధతులకు రూపమిచ్చిన తైచి ఓనో చెప్పిన ఉదాహరణ నాకెంతో ఇష్టం. మెషీన్ ఆగిపోయింది. ఎందుకు? లోడ్ ఎక్కువై ఫ్యూజు పోయింది. ఎందుకు? బేరింగ్‌కి ఆయిల్ సరిగ్గా అందలేదు. ఎందుకు? ఆయిల్ పంపు సరిగ్గా లాగడం లేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగిపోయింది. ఎందుకు? జల్లెడ లేదు, ఇనప రజను లోపలికి పోయింది. మొదటి జవాబు దగ్గర ఆగితే ఫ్యూజు మారుస్తాం, నాలుగో దాని దగ్గర ఆగితే షాఫ్ట్ మారుస్తాం, రెండు సందర్భాల్లోనూ కొన్ని నెలలకు మెషీన్ మళ్లీ ఆగుతుంది. మీ ట్రైనింగూ మెమో రెండూ ఫ్యూజు మార్చడమే.

ఐదు అనే లెక్కేమీ శాసనం కాదు. మూడుకే దొరకొచ్చు, ఏడు కావాల్సి రావొచ్చు. ఒక 'ఎందుకు'కి రెండు జవాబులొస్తే రెండు దారులూ పట్టుకుని వెళ్లండి. జవాబు 'మనిషి మర్చిపోయాడు' అని వస్తే అక్కడ ఆగొద్దు. మర్చిపోయినా తప్పు జరగకుండా ఉండేలా ఎందుకు లేదు అని ఇంకో ప్రశ్న వేయండి. ప్రతి జవాబుకీ కళ్లతో చూసిన రుజువుండాలి. కూర్చున్న చోటే అల్లుకుంటూ పోతే ఎంత దూరమైనా పోవచ్చు.

నీ సంగతిలో ఇలా రావొచ్చేమో: కొత్త సైజు మొదలైంది, పాత సైజు లేబుల్స్ కొన్ని బల్ల మీద మిగిలాయి. ఎందుకు మిగిలాయి? ప్రింటర్ ఆర్డర్ లెక్క ప్రకారం కాకుండా రోల్ లెక్కన ప్రింట్ చేస్తోంది. ఎందుకు? ఒకటో లైన్‌లో సిస్టమ్ నుంచి లెక్క నేరుగా ప్రింటర్‌కి వస్తుంది, రెండో లైన్‌లో ఆ కనెక్షన్ లేదు. చూశావా, ఒకటో లైన్‌లో ఎందుకు తప్పు రావడం లేదో కూడా దీనితో తేలిపోయింది. మీరు చెప్పే కారణం 'ఉంది'నీ 'లేదు'నీ రెంటినీ వివరించగలగాలి. అలా వివరించలేని కారణం ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే. ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది. ఆ కారణాన్ని కావాలని కలిగిస్తే తప్పు రావాలి, తీసేస్తే పోవాలి. బయటికి వెళ్లని డమ్మీ పెట్టెలతో చేసి చూడండి.

ఇక్కడ చాలామంది దాటేసే ఇంకో ప్రశ్న ఉంది. తప్పు ఎందుకు పుట్టింది అన్నది ఒకటి. పుట్టినదాన్ని మనం పట్టుకోకుండా బయటికి ఎలా వదిలాం అన్నది రెండోది. ఈ రెండింటికీ వేరు వేరు కారణాలుంటాయి, వేరు వేరు మందులు కావాలి. మీ దగ్గర డిస్పాచ్ చెక్ ఉంది కదా, మరి అక్కడ ఎందుకు పట్టుబడలేదు? వాళ్లు లేబుల్ మీదున్న సైజునీ ఇన్‌వాయిస్‌లో ఉన్న సైజునీ పోల్చి చూస్తున్నారని నువ్వే రాశావు. రెండూ కాగితాలే, లోపలి సరుకుని ఎవరూ చూడటం లేదు. అంటే ఆ చెక్ ఎంత శ్రద్ధగా చేసినా ఈ తప్పుని ఎప్పటికీ పట్టుకోలేదు. ఈ ఒక్క సంగతి టీమ్ ముందు పెట్టినా చాలు, డిస్పాచ్ వాళ్ల మీద ఉన్న నింద తొలగిపోతుంది.

కారణం ఇంత స్పష్టంగా దొరికాక ఐదూ ఆరూ మెట్లు, అంటే పరిష్కారం ఎంచుకోవడం, దాన్ని అమల్లో పెట్టడం, పెద్ద కష్టం కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, 'జాగ్రత్తగా ఉండండి' అని చెప్పే పరిష్కారం కన్నా, తప్పు చేస్తే వెంటనే కంటికి కనపడేలా చేసే పరిష్కారం మేలు. 1961లో జపాన్‌లో యమడా ఎలక్ట్రిక్‌లో ఒక చిన్న స్విచ్ తయారీలో రెండు స్ప్రింగులు పెట్టాలి, పనివాళ్లు అప్పుడప్పుడు ఒకటి పెట్టడం మర్చిపోయేవాళ్లు. ఎన్ని హెచ్చరికలు చేసినా ఆగలేదు. జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో చేసిందల్లా, ముందు రెండు స్ప్రింగులు తీసి ఒక చిన్న పళ్లెంలో పెట్టుకుని తర్వాత బిగించమనడం. పని అయ్యాక పళ్లెంలో ఏదైనా మిగిలితే మర్చిపోయినట్టే. మనిషి మరుపుని ఆయన తప్పుగా చూడలేదు, దానికి చోటిచ్చి పనిని మార్చాడు. అలాంటి ఆలోచన మీ ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసేవాళ్ల నోటే వస్తుంది, అడిగి చూడు. పెట్టాక, తప్పు మామూలుగా ఎంత కాలానికోసారి తిరిగొచ్చేదో అంతకు మించి గమనించి, అప్పుడే అదనపు చెకింగ్ తీసెయ్యండి. మీకు ప్రతిసారీ కొన్నాళ్లు సద్దుమణిగి మళ్లీ వస్తోంది కాబట్టి వారం రోజులు బాగుందని గెలిచామనుకోవద్దు.

ఏడోది, మళ్లీ రాకుండా చూడటం. మిగతా లైన్లలో ఇలాంటి కనెక్షన్ లేని ప్రింటర్లు ఇంకా ఉన్నాయా? కొత్త లైన్ పెట్టేటప్పుడు వాడే చెక్‌లిస్టులో ఇది చేరిందా? పని సూచనల కాగితం మారిందా? మీ పాత కంప్లైంట్ల ఫైల్లో ఇదే జాతి తప్పులు వేరే పేర్లతో ఉన్నాయేమో కూడా చూడు, ఉంటాయనే నా అనుమానం.

ఎనిమిదోది టీమ్‌ని గుర్తించడం. దీన్ని మర్యాద కోసం చివర్లో తగిలించారని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. మెమో తిన్న మనిషే కారణం కనిపెట్టడంలో సాయపడితే, ఆ సంగతి మెమో ఇచ్చినవాళ్ల ఎదురుగానే చెప్పాలి, వీలైతే ఆ మెమో వెనక్కి తీసుకోవాలి. లేకపోతే వచ్చేసారి నీ టీమ్‌లోకి ఎవరొస్తారు చెప్పు?

వారంలో ఇదంతా అవ్వదు. అవుతుందని మాటివ్వకు. మొదటి మూడు మెట్లు వారంలో చూపిస్తామనీ, కారణం రుజువయ్యాకే మిగతాది రాస్తామనీ కస్టమర్‌కి నిజాయితీగా చెప్పండి. ఆలస్యానికి ఒప్పుకునే కస్టమర్లు చాలామందే ఉంటారు, అదే తప్పు మళ్లీ వస్తే మాత్రం ఊరుకోరు.

ముందు ఆ గీత గీసిన కాగితం పూర్తిచేసి నాకు పంపు, 'లేదు' పక్క ఖాళీలు లేకుండా. రాత్రి షిఫ్ట్ వాళ్లతో మాట్లాడాకే పంపు. చూసి, నాకు తోచింది వెంటనే రాస్తా.

నీ
నేస్తం