మా నాన్న భయం పోగొట్టిన సిస్టర్ గారికి కృతజ్ఞతలు

ఒంగోలులో మా నాన్నకు డయాలసిస్ జరుగుతున్న చోట పనిచేసే ఒక సిస్టర్ గారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకుందామని ఈ పోస్టు పెడుతున్నాను. పేరు రాయొద్దన్నారు ఆవిడ. సరే, పేరు రాయను. చేసింది మాత్రం రాస్తాను.

మాది కొండపి దగ్గర పల్లెటూరు. నాన్న పొగాకు రైతు. ఏళ్ల తరబడి ఉన్న షుగరు చివరికి కిడ్నీల మీద పడింది. చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రక్తనాళాలను కలపడం) ముందే చేయించాం. ఇక డయాలసిస్ మొదలుపెట్టాలని డాక్టరు గారు చెప్పగానే నాన్నకు తిండి సయించడం మానేసింది. మా బంధువుల్లో ఒకాయన డయాలసిస్ మొదలైన కొద్దిరోజులకే పోయారు. అప్పటినుంచి మా ఊళ్లో "మిషన్ ఎక్కినోడు దిగడు" అని ఒకటే మాట. ఆయన ఊపిరి అందని స్థితి వచ్చేదాకా ఆసుపత్రి గడప తొక్కలేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

తీరా ఆ రోజు నాన్న మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. పక్క మంచం మీదాయన చేతి నుంచి మిషన్‌లోకి పోతున్న ఎర్రటి ట్యూబుల వైపే చూపు. "ఇంటికి పోదాం పదరా" అంటారు తప్ప పడుకోరు. నేనూ అమ్మా "ఏం కాదు, ఏం కాదు" అని అంటూనే ఉన్నాం. ఎంత అన్నా చెవికెక్కితేగా!

సిస్టర్ గారు ఆ మాట అనలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "దేనికి భయం బాబాయ్?" అని అడిగారు. మేమెవరం అడగలేదు ఆ ప్రశ్న.

"నెత్తురంతా ఆ డబ్బాలోకి పోతే నాలో ఏం మిగులుద్దమ్మా?"

"ఒంట్లో ఐదు లీటర్ల దాకా ఉంటుంది బాబాయ్. ఒక్కసారికి బయట ఉండేది ఓ గ్లాసుడు. అటు పోయింది పోయినట్టే శుభ్రపడి ఇటు వచ్చేస్తుంది."

తర్వాత తన స్టెతస్కోపు నాన్న చెవులకు పెట్టి, రెండో కొస ఆయన ఫిస్టులా మీద ఆనించారు. జుయ్ జుయ్‌మని ఆ శబ్దం వినేసరికి నాన్న కళ్లు పెద్దవయ్యాయి. "ఇది బాగా పనిచేస్తోందని గుర్తు. రోజూ పొద్దున్నే వేళ్లతో తాకి చూసుకోండి. ఈ అదురు తెలియకపోతే వెంటనే మాకు ఫోన్ చేయండి" అన్నారు.

నాన్నను అసలు పడుకోబెట్టింది ఆ తర్వాతి మాట. "మొదటిరోజే నాలుగు గంటలు పెట్టం. రెండు గంటలే, అదీ మెల్లగా. బ్యారన్‌లో ఆకు పసుపు తిరక్కముందే మంట పెంచుతారా మీరు?" (బ్యారన్ అంటే పొగాకు ఆకును మంట వేడితో ఆరబెట్టే కొట్టం.)

"పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోద్ది. నీకెట్లా తెలుసమ్మా?"

వాళ్లది టంగుటూరు వైపట, వాళ్ల నాన్నదీ పొగాకేనట. ఇంకేం! ఈ ఏడు వేలం ధరలు, కట్టెల రేటు, కూలీల కొరత, అన్నీ ఏకరువు పెట్టారు నాన్న. ఆవిడ ఊఁ కొడుతూనే సూది గుచ్చే చోట మొద్దుబారేలా చేసి, రెండు సూదులూ పెట్టేశారు. మిషన్ అరిస్తే కంగారు పడొద్దని, చెయ్యి వంచినా అది తనను పిలుస్తుందని ముందే చెప్పారు. మధ్యలో అరిచింది కూడా. నాన్న తనంతట తనే చెయ్యి చాపి, తప్పు చేసిన పిల్లాడిలా ఆవిడ వైపు చూశారు.

చివర్లో పిక్క పట్టేస్తే పరుగున వచ్చి, మిషన్‌లో ఏదో తగ్గించి, పాదం వెనక్కి వంచి పట్టుకున్నారు. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వొద్దని, దానిమీద పడుకోవద్దని, ఊరగాయలు పక్కన పెట్టమని అమ్మకు విడిగా చెప్పారు. డయాలసిస్ వాళ్లకు నెలకు 10,000 పింఛను వస్తుందని చెప్పి, ఏయే కాగితాలు కావాలో రాసిచ్చింది కూడా ఆవిడే. అంతకుముందు మేం తిరిగిన ఒకచోట, నాన్న ఏదో అడగబోతే "నీకెందుకు తాతా, నీ కొడుక్కి చెప్పాంగా" అన్నారు. అందుకే నాకిది అంత గొప్పగా అనిపించిందేమో.

మిషన్ దగ్గరుండే టెక్నీషియన్ తమ్ముడికి, ఊరి నుంచి ఏ వేళకైనా వచ్చే మా ఆటో అన్నకు కూడా థ్యాంక్స్.

సిస్టర్ గారూ, బయల్దేరే ముందు మీది పొద్దున డ్యూటీయా, మధ్యాహ్నం డ్యూటీయా అని ప్రతిసారీ ఫోన్ చేయించేది నాన్నే. నన్ను విసుక్కోకండి.