క్వాంటం కంప్యూటర్‌తో పాటు పరమాణువుల ల్యాబ్ కూడా కావాలి

సంపాదకుడు గారికి,

ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ లెక్కలకు వాడే మూల భాగాలు) క్వాంటం కంప్యూటర్ పెడతామని 2025 మేలో ప్రకటించినప్పుడు, డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాడిగా చాలా సంతోషించాను. అప్పటినుంచి ఆ వార్తలన్నీ చదువుతున్నాను. పెట్టుబడులు, ఉద్యోగాల మాట వినిపిస్తున్నంతగా, పిల్లలు తమ చేతులతో పరమాణువుల మీద ప్రయోగం చేసే ల్యాబ్ మాట వినిపించడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

అలాంటి ల్యాబ్ ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చెప్తాను. 1954లో రాబర్ట్ డికీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక సంగతి లెక్కగట్టి చెప్పాడు. శక్తి నింపుకున్న పరమాణువులు వంద ఉంటే, మామూలుగా దేనికది తనకు తోచినప్పుడు కాంతిని వదులుతుంది. అవన్నీ బాగా దగ్గరగా ఉంటే మాత్రం ఒకదాని కాంతి ఇంకొకదాన్ని తాకి, అన్నీ ఒకే లయలోకి వస్తాయి. కోలాటంలో కర్రలన్నీ ఒక్కసారి పడ్డట్టు. అప్పుడు వెలుగు తీవ్రత ఒక్క పరమాణువు వెలుగుకు వందరెట్లు కాదు, పరమాణువుల సంఖ్య వర్గాన్ని బట్టి పెరిగి, సుమారు రెండున్నర వేల రెట్ల దాకా వెళ్తుంది. శక్తి కొత్తగా పుట్టదు. ఉన్నదే చాలా తక్కువ సమయంలో బయటికి వస్తుంది. దీన్నే సూపర్‌రేడియెన్స్ అంటారు.

దీన్ని ప్రయోగంలో చూడటానికి 1973 దాకా పట్టింది. 1979లో పారిస్‌లో సెర్జ్ హరోష్ బృందం రిడ్‌బర్గ్ పరమాణువులతో చేసి చూపింది. వీటిలో బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఎంతో దూరంగా తిరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్ 50వ శక్తి స్థాయికి చేరితే పరమాణువు సుమారు 2,500 రెట్లు పెద్దదవుతుంది. పక్కపక్క స్థాయిల మధ్య ఇవి వదిలేది పొడవైన తరంగాలుండే మైక్రోవేవ్ కాబట్టి, పరమాణువుల గుంపంతా ఒక్క తరంగంలోనే ఇమిడిపోతుంది. 2007లో అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం వారు రుబీడియంను పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గరిదాకా చల్లబరిచి, దాదాపు కదలకుండా నిలిచిన పరమాణువుల్లోనూ ఇదే చూశారు. హరోష్‌కు 2012లో నోబెల్ వచ్చింది. ఈ రోజు క్వాంటం కంప్యూటర్లలో ఒక ముఖ్యమైన రకం ఆ రిడ్‌బర్గ్ పరమాణువులతోనే నడుస్తోంది. డికీ లెక్క వేసిన రోజున దీనివల్ల ఏం లాభం అని ఎవరైనా అడిగితే, ఆయన ఏం చూపించగలిగేవాడు?

పారిస్‌లో వాడినవి సోడియం పరమాణువులు. నేను పనిచేసిన కాలేజీలో న్యూటన్ వలయాల ప్రయోగానికి వాడే సోడియం దీపం పాడైతే రెండేళ్లు కొత్తది రాలేదు. ఆ రెండు బ్యాచ్‌ల పిల్లలు ఆ పసుపు వెలుగు చూడకుండానే రికార్డులో అంకెలు రాసుకుని పరీక్ష పాసయ్యారు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కేంద్రం 2023లో నేషనల్ క్వాంటం మిషన్‌కు ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించింది. అందులో పరమాణు గడియారాలు, సెన్సర్ల పని కూడా ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం అటువైపు కూడా గట్టిగా ప్రయత్నించాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒక్కదానిలోనైనా లేజర్లు, వాక్యూమ్ చాంబర్, రుబీడియంతో చల్లని పరమాణువుల ల్యాబ్ పెట్టాలి. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల పిల్లలకు ఏటా అక్కడ కొన్ని వారాలు కేటాయించాలి. ఈలోగా, కాలేజీ ల్యాబుల్లో ఆరిపోయిన సోడియం దీపాలను ఈ విద్యాసంవత్సరంలోనే మార్పించాలని కోరుతున్నాను.

— విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు, తెనాలి