ఎంపికైనా సీటు దక్కని పిల్లల కోసం: రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

తిరుపతి, చిత్తూరు జిల్లాల కాలేజీల్లో డిగ్రీ, పీజీ ముగించి చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకున్న పిల్లలు జులై నెలంతా ఫోను కింద పెట్టరు. ఆ స్కాలర్‌షిప్ ఇచ్చేది బీజింగ్‌లోని చైనా స్కాలర్‌షిప్ కౌన్సిల్. అందరూ సీఎస్‌సీ అంటారు. వాళ్ల తుది జాబితా మామూలుగా జులై ఆఖరుకి గానీ తేలదు. దాన్ని ముందుకు జరిపించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోని పని కాదు. మేం చెప్పదలచింది ఎంపికయ్యాక కూడా సీటు పోగొట్టుకునే పిల్లల గురించి. వాళ్లను ఆపేస్తున్నవన్నీ ఇక్కడి కాగితాలు, ఇక్కడి ముద్రలు, ఇక్కడి బీరువాల్లో ఇరుక్కుపోయిన ఒరిజినల్ సర్టిఫికెట్లు.

ముందు ఈ స్కాలర్‌షిప్ విలువ ఎంతో చూడండి. ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. హాస్టల్ గది, లేదా దాని బదులు నెలకింత భత్యం. వైద్య బీమా. ఆపైన నెలనెలా చేతికి డబ్బు: బ్యాచిలర్స్‌కి 2,500 యువాన్లు, మాస్టర్స్‌కి 3,000, పీహెచ్‌డీకి 3,500. విమానం టికెట్టు మాత్రం సొంత ఖర్చే. మాస్టర్స్‌కి 35 ఏళ్ల లోపు, పీహెచ్‌డీకి 40 ఏళ్ల లోపు వయసుండాలి. దరఖాస్తుకి రెండు దారులున్నాయి. రాయబార కార్యాలయం, కేంద్ర విద్యాశాఖల తరఫున వెళ్లేది టైప్ ఏ. నేరుగా చైనా విశ్వవిద్యాలయానికే పెట్టుకునేది టైప్ బీ. మన పిల్లలు ఎక్కువగా పోయేది రెండో దారినే. ఏర్పేడు దగ్గర వికృతమాలలో చైనా కంపెనీ టీసీఎల్ వాళ్ల టీవీ, ఫోను తెరల ఫ్యాక్టరీ మన కళ్ల ముందే ఉంది. చైనాలో చదివి, అక్కడి భాష నేర్చుకుని వచ్చిన ఇంజనీరుకి పని వెతుక్కుంటూ మరీ దూరం పోవాల్సిన అవసరం ఉండదు.

ఫలితానికి అన్నాళ్లు ఎందుకు పడుతుందో తల్లిదండ్రులకి చెప్పేవాళ్లు లేరు. దరఖాస్తులు నవంబరు, డిసెంబరుల్లో మొదలవుతాయి. గడువు విశ్వవిద్యాలయాన్ని బట్టి ఏప్రిల్ దాకా ఉంటుంది. తర్వాత ఫైలు విభాగానికి పోతుంది. పీహెచ్‌డీ అయితే ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. అక్కడి నుంచి విదేశీ విద్యార్థుల కార్యాలయం పేర్లు వడగట్టి సీఎస్‌సీకి పంపుతుంది. ఒకే మనిషి రెండు చోట్ల ఎంపికయ్యారా, అర్హతలు సరిపోయాయా అని సీఎస్‌సీ మళ్లీ చూస్తుంది. ఇంత జరుగుతున్నా వెబ్‌సైట్‌లో దరఖాస్తు స్థితి నెలల తరబడి ఒకే మాట దగ్గర ఆగి ఉంటుంది. అది చూసి కంగారుపడి కొందరు విత్‌డ్రా బటన్ నొక్కేస్తారు. గడువు దాటాక నొక్కితే ఆ దరఖాస్తు మళ్లీ పంపే వీలుండదు. మే రెండో సగంలో దరఖాస్తు నంబరు, పాస్‌పోర్టు నంబరు వేసి విశ్వవిద్యాలయానికి మర్యాదగా ఒక్క మెయిల్ పెడితే సరిపోతుంది. వాళ్ల జవాబులు చాలాసార్లు స్పామ్‌లో పడుతుంటాయి, రోజూ అక్కడ కూడా చూసుకోవాలి.

ఈ కంగారు మీద బతికే ఏజెంట్ల సంగతి తర్వాత చెప్తాం. ముందు మీ శాఖ చేయగలిగిన పనులు.

జులై ఆఖరున పేరు వచ్చిందనుకుందాం. తరగతులు సెప్టెంబరు మొదట్లోనే. మధ్యలో మహా ఉంటే ఐదారు వారాలు. అడ్మిషన్ నోటీసు, జేడబ్ల్యూ201 అనే వీసా పత్రం రావాలి. వాటితో ఎక్స్1 అనే విద్యార్థి వీసాకి పెట్టుకోవాలి. మన రాష్ట్రం ఢిల్లీలోని రాయబార కార్యాలయం పరిధిలోకి వస్తుంది కాబట్టి తిరుపతి పిల్లవాడి వీసా పని ఢిల్లీలోనే. అడ్మిషన్ నోటీసులో రాసిన తేదీకి చేరలేకపోతే ముందే విశ్వవిద్యాలయం అనుమతి తీసుకోవాలి. లేకపోతే సీటు, స్కాలర్‌షిప్ రెండూ పోతాయి. అనుమతి ఉన్నా నష్టం తప్పదు. నెలలో 15వ తేదీ లోపు నమోదైతే ఆ నెల డబ్బు మొత్తం వస్తుంది, దాటితే సగమే. ఇంత తక్కువ వ్యవధిలో ఇక్కడ ఒక్క సంతకం పది రోజులు ఆలస్యమైతే జరిగే నష్టం ఎంతో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఒరిజినల్ సర్టిఫికెట్లది. స్కాలర్‌షిప్ వస్తుందో రాదో తెలియదు కాబట్టి పిల్లలు ఇక్కడ కూడా పీజీలోనో మరో కోర్సులోనో చేరిపోతారు. అది తెలివైన పనే, వద్దని మేమూ చెప్పం. చేరిన రోజే కాలేజీ టీసీ, మార్కుల మెమోలు, ప్రొవిజనల్ అన్నీ తీసిపెట్టుకుంటుంది. ఆగస్టులో పిల్లవాడు వెళ్లి వెనక్కి అడిగితే కోర్సు మొత్తం ఫీజు కట్టి పట్టుకుపొమ్మంటారు. ఇది చట్టం ఒప్పుకునే పని కాదు. 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ఫీజు వాపసుకి కూడా లెక్క ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు చెప్తే మొత్తం ఫీజు తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలు మించకుండా పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల లోపలైతే 90 శాతం. ఆఖరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. ఈ నిబంధన నోటీసు బోర్డు మీద అంటించిన కాలేజీలు మా కంటికి అరుదుగానే కనబడ్డాయి. రెండు జిల్లాల కలెక్టర్ల పేరుతో ఆగస్టు నెలలో ఒక ఫిర్యాదు నంబరు పెట్టించండి. మెమోలు వెనక్కి ఇవ్వని కాలేజీకి కలెక్టరేట్ నుంచి ఒక్క ఫోన్ పోతే బీరువా తాళం చెవి దానంతటదే దొరుకుతుంది.

రెండోది ఫైనల్ ఇయర్ పిల్లల కాగితం. దరఖాస్తు నాటికి డిగ్రీ పూర్తి కాదు కాబట్టి ఫలానా నెలలో కోర్సు పూర్తవుతుందని విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో లెటర్‌హెడ్ మీద, ముద్రతో ఒక పత్రం ఇవ్వాలి. దీనికంటూ ఒక నమూనా మన దగ్గర లేదు. ఒక్కో కాలేజీ ఒక్కో రకంగా బోనఫైడ్ ఇస్తుంది. కొన్నిట్లో పూర్తయ్యే నెల ఉండదు, కొన్నిట్లో ముద్ర ఉండదు. చైనా కార్యాలయంలో దాన్ని పక్కన పెట్టేస్తారు, కారణం కూడా రాయరు. చేరేనాటికి ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో తప్పనిసరి. ఆఖరి సెమిస్టరు ఫలితాలు ఆగస్టులోకి జారితే ఇక చేసేదేమీ లేదు. విదేశీ అడ్మిషన్ లెటర్ చూపించిన వాళ్లకి ఆఖరి సెమిస్టరు మార్కులు, ప్రొవిజనల్ వారంలో ఇచ్చేలా పరీక్షల విభాగాలకి ఉత్తర్వు ఇవ్వండి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినట్టు ఇచ్చే పత్రానికీ ఇదే ఉత్తర్వు వర్తించాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయని వాళ్లకి చాలాచోట్ల ఆ ఒక్క కాగితమే ఆధారం.

పేరు తకరారు మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఉన్నదంతా అసలు పేరు గడిలోనే. సీఎస్‌సీ దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. జేడబ్ల్యూ201 కూడా ఆ పేరుతోనే వస్తుంది. అక్కడ రిజిస్ట్రేషన్‌లో మెమో, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రెండూ ఒకరివేనా అనే ప్రశ్న వస్తుంది. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, దాని ఇంగ్లీషు ప్రతి, దరఖాస్తు రోజుల్లోనే చేయించి పెట్టుకోవాలి. బోర్డు నుంచి వచ్చే మెమోలోనే పాస్‌పోర్టు పద్ధతిలో ఇంటిపేరు పూర్తిగా ముద్రిస్తే ఈ బాధ మూలంలోనే పోతుంది. ఇది పెద్ద పనే, ఈ ఏడాదే కావాలని అడగం.

మెడికల్ ఫారం దగ్గర ఇంకో గండం. విదేశీయుల ఆరోగ్య పరీక్ష ఫారం అని ఒకటుంది. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు చేయించి, ప్రతి గడీ నింపి, డాక్టరు సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర వేయాలి. ఫొటో మీద కూడా ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఫారం చెల్లదు. పైగా దాని ఆయుష్షు ఆరు నెలలే. డిసెంబరులో దరఖాస్తు కోసం చేయించుకున్న పరీక్ష సెప్టెంబరు నాటికి పనికిరాదు. ఇది తెలియక పాత ఫారంతో బయల్దేరిన వాళ్లు అక్కడికి పోయాక అన్నీ మళ్లీ చేయించుకోవాలి. ప్రైవేటు ల్యాబులు రిపోర్టులు ఇస్తాయి గానీ ఫారం నింపి ముద్ర వేయమంటే వెనకాడతాయి. జులై, ఆగస్టుల్లో వారానికి ఒక పూట తిరుపతి రుయా ఆసుపత్రిలో, చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ ఫారం నింపే డాక్టరుని కూర్చోబెట్టమని ఆరోగ్యశాఖతో మాట్లాడండి. ఒరిజినల్ రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ము వెంట తీసుకుపోవాలని అక్కడే చెప్పి పంపాలి.

పోలీసు క్లియరెన్సు వరకు పని బాగానే సాగుతోంది. పాస్‌పోర్టు సేవా పోర్టల్లో 500 రూపాయలు కట్టి, తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో చూపిస్తే అయిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా, ఇప్పుడుండే చిరునామా వేరైతే మాత్రం విచారణకి రోజులు పడతాయి. కుప్పం నుంచి వచ్చి తిరుపతి హాస్టళ్లలో ఉండే పిల్లలు ఇక్కడే చిక్కుకుంటారు.

అటెస్టేషన్ దగ్గర డబ్బు మాత్రం ఊరికే పోతోంది. ఒక దేశం పత్రం ఒక్క ముద్రతోనే మరో దేశంలో చెల్లేలా చేసేది అపోస్టిల్ ఒప్పందం. చైనా 2023 నవంబరు 7 నుంచి దాన్ని అమల్లోకి తెచ్చింది. మన దేశం 2005 నుంచే అందులో ఉంది. అయినా ఆ ఒప్పందం మన రెండు దేశాల మధ్య వర్తించదు. ఈ సంగతి చెప్పకుండా వేలకు వేలు తీసుకుని అపోస్టిల్ స్టిక్కరు వేయించి ఇచ్చే మధ్యవర్తులున్నారు. చైనాకి పోయే పత్రానికి రాష్ట్ర ప్రభుత్వ ధృవీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆఖరున చైనా రాయబార కార్యాలయం ముద్ర కావాలి. అదీ అందరికీ కాదు, నోటరీ నకలుతో సరిపెట్టుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అడ్మిషన్ నోటీసులో ఏది అడిగారో చదివాకే డబ్బు ఖర్చు పెట్టాలి. రాష్ట్ర స్థాయి ధృవీకరణ కోసం పిల్లలు అమరావతి దాకా పోకుండా జూన్, జులైల్లో తిరుపతిలో నెలకి ఒకసారి ఆ అధికారులే వచ్చి కూర్చునే ఏర్పాటు చేయించండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణలో రెండు గదులు చాలు.

ఇక ఏజెంట్లు. 'సీఎస్‌సీ స్కాలర్‌షిప్ మీద ఎంబీబీఎస్' అని చెప్పేవాళ్ల మాట నమ్మవద్దని మీ శాఖ తరఫున ఒక ప్రకటన రావాలి. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద బ్యాచిలర్స్ చదివేవాళ్లు చైనీస్ మాధ్యమంలోనే చదవాలి. భాష రానివాళ్లకి ముందు ఒక ఏడాది భాషా కోర్సు ఉంటుంది, అందులో నెగ్గకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనలేమో ఇంగ్లీషు మాధ్యమం, కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలంటున్నాయి. ఈ రెండూ ఒకచోట కుదరవు. ఏజెంట్లు స్కాలర్‌షిప్ అని అమ్మేది చాలావరకు ఆ కాలేజీ మొదటి ఏడాది ఫీజులో ఇచ్చే తగ్గింపు. సీఎస్‌సీ దరఖాస్తుకి ఫీజు తీసుకోదు, కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా దరఖాస్తు రుసుము అడుగుతాయి, అంతే. పాస్‌వర్డు ఏజెంటు దగ్గరుంటే ఫలితం వచ్చిన సంగతి ముందు తెలిసేది కూడా అతనికే. ఆ తర్వాత బేరం మొదలవుతుంది.

పైన అడిగినవాటిలో కొత్త నిధులు కావాల్సింది దాదాపు ఏదీ లేదు. ఉన్నత విద్యాశాఖ నుంచి ఒక ఉత్తర్వు, రెండు కలెక్టరేట్లలో ఒక్కో బాధ్యుడు, ఆరోగ్యశాఖతో ఒక మాట కావాలి. కొత్త దరఖాస్తులు నవంబరులో మొదలవుతాయి. కోర్సు పూర్తయ్యే పత్రం నమూనా, ఇంగ్లీషు మాధ్యమం పత్రం నమూనా ఆలోపు కాలేజీలకి చేరాలి. ఒరిజినల్స్ తిరిగి ఇవ్వడం గురించిన సర్క్యులరు జూన్ అడ్మిషన్లకి ముందే పోవాలి, ఆగస్టులో పంపితే ఆ ఏడాది పిల్లలకి అందదు. రెండు పత్రాల నమూనాలు, కావాల్సిన కాగితాలన్నీ సరిచూసుకునే పట్టిక మేం తయారుచేసి ఉంచాం. మీ కార్యాలయం ఎవరికి ఇవ్వమంటే వాళ్లకి ఇస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో విదేశీ స్కాలర్‌షిప్ దరఖాస్తుదారులకి సాయపడే అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు

ప్రతులు: తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు