‘విశ్వాసమువలననే’: ఆ ‘నే’ను వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

వివిధ మతాలు చెప్పే మోక్షమార్గాలను పరిచయం చేస్తూ మీ ఆదివారం సంచికలో ఈమధ్య వచ్చిన వ్యాసంలో, క్రైస్తవులు పది ఆజ్ఞలను పాటించి మోక్షం పొందుతారని ఒక వాక్యం ఉంది. రాసినవారు సదుద్దేశంతోనే రాశారు, సందేహం లేదు. అయితే క్రైస్తవంలో తొలినాటి నుంచీ ఏ విషయంపై ఎంతో గట్టిగా వాదించుకున్నారో, ఆ విషయమే ఆ వాక్యంలో తలకిందులైంది. గుంటూరులో లూథరన్ (పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే క్రైస్తవ శాఖ) కుటుంబంలో పుట్టి, ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు పదం సంగతి. తెలుగు బైబిలు ఈ సందర్భంలో ‘రక్షణ’ అంటుంది గాని మోక్షం అనదు. మోక్షం అనగానే మనకు జన్మపరంపర నుంచి విడుదల, దానికోసం మనిషి చేసే సాధన స్ఫురిస్తాయి. రక్షణ అన్నప్పుడు ఏట్లో కొట్టుకుపోతున్నవాణ్ణి ఇంకొకరు జుట్టుపట్టి ఒడ్డుకు లాగడం కనిపిస్తుంది. అక్కడ వాడికి ఈత ఎంతవరకు వచ్చునని ఎవరూ అడగరు.

ఇక అసలు విషయం. ధర్మశాస్త్ర క్రియల వల్ల, అంటే మోషే ద్వారా యూదులకు వచ్చిన నియమాలను పాటించడం వల్ల కాక, విశ్వాసం వల్ల మనిషి దేవుని దృష్టిలో నీతిమంతుడిగా తీర్చబడతాడన్న మాటను తొలి తరం క్రైస్తవ బోధకుడు పౌలు ఏకాంతంలో కూర్చుని అల్లిన సిద్ధాంతం అనుకుంటే పొరపాటు. ఇప్పుడు టర్కీలో ఉన్న అంతియొకయ పట్టణంలో భోజనాల దగ్గర వచ్చిన తగువు దాని వెనుక ఉంది. అక్కడ యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తూ వచ్చిన యేసు శిష్యుడు పేతురు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే, సున్నతి పొందినవాళ్లకు, అంటే యూదు విశ్వాసులకు, భయపడి వెనక్కు తగ్గి వేరుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. పౌలు సహచరుడు బర్నబా అంతటివాడు కూడా అటే మొగ్గాడు. అప్పుడు పౌలు అందరి ముందూ పేతురును నిలదీశానని గలతీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో చెప్పుకున్నాడు. విశ్వాసం వల్ల నీతిమంతులు కావడం గురించిన ప్రసిద్ధ వాక్యం ఆ వెంటనే వస్తుంది. అంటే ఎవరితో ఎవరు పంక్తిలో కూర్చోవచ్చన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబులో భాగంగా ఆ మాట మనకు దక్కింది. సున్నతి పొందనిదే రక్షణ లేదన్నవాళ్ల వాదనను యెరూషలేములో పెద్దలు కూడి తోసిపుచ్చిన వైనం అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో ఉంది. దాని కాలం సుమారు క్రీ.శ. 49 అని చాలామంది పండితుల అంచనా.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే యూదులకు అన్యాయం చేసినట్టవుతుంది. వాళ్లకు ధర్మశాస్త్రం దేవుడు ప్రేమతో ఇచ్చిన వరమే గాని మోయలేని బరువు కాదు. ఆనాటి యూదు మతాన్ని లెక్కలు కట్టి పుణ్యం పోగేసుకునే మతంగా చిత్రించడం తప్పని 1977లో బైబిలు పండితుడు ఇ.పి. శాండర్స్ సవివరంగా చూపించాక, పౌలును చదివే తీరే చాలావరకు మారింది. మన ప్రసంగాల్లో ఇప్పటికీ ‘పరిసయ్యుడు’ (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించిన ఒక యూదు వర్గంవాడు) అనే మాటను తిట్టుగా వాడుతున్నవాళ్లు ఈ సంగతి గమనించాలి.

రోమీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం 28వ వచనాన్ని మార్టిన్ లూథర్ 1522లో జర్మన్‌లోకి తెచ్చినప్పుడు, గ్రీకు మూలంలో లేని ‘మాత్రమే’ అనే పదాన్ని చేర్చాడని పెద్ద దుమారం లేచింది. మా జర్మన్ నుడికారం అలాగే ఉంటుందని, ‘ఇది కాదు, అది’ అని చెప్పాల్సిన చోట ఆ పదం లేకపోతే వాక్యం కుదరదని ఆయన 1530లో ఒక బహిరంగ లేఖలో సమర్థించుకున్నాడు. తెలుగులో ఆ వచనం చూడండి: ‘విశ్వాసమువలననే’. మన అనువాదకులు వేరే పదమేదీ చేర్చకుండా, ఎవరితోనూ తగాదా పెట్టుకోకుండా, ఒక్క ‘నే’తో ఆ పని కానిచ్చేశారు. తెలుగు మాస్టారిగా నాకు ఆ ప్రత్యయం మీద కొంచెం పక్షపాతం ఉంటే మన్నించండి.

లూథర్ 1517 అక్టోబరు 31న విటెన్‌బర్గ్‌లో ప్రకటించిన 95 ప్రతిపాదనల్లో ఈ సిద్ధాంతం ఇంకా పూర్తి రూపంలో లేదు. అవి ముఖ్యంగా పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాయి. రోమ్‌లో పరిశుద్ధ పేతురు ఆలయ నిర్మాణం పేరుతో టెట్జెల్ వంటి బోధకులు డబ్బు తీసుకుని శిక్షను తగ్గించే పత్రాలు ఇస్తున్న రోజులవి. అయినా లూథర్ పది ఆజ్ఞలను చెత్తబుట్టలో వేయలేదు. 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథాన్ని ఆయన వాటితోనే మొదలుపెట్టాడు. తర్వాతే విశ్వాస ప్రమాణం, ఆపైన పరలోక ప్రార్థన. రోగికి ముందు తన జబ్బేమిటో తెలియాలి, తర్వాత మందెక్కడుందో తెలియాలి, ఆపైన దాన్ని ఎలా అడగాలో తెలియాలి, ఇదీ ఆ వరుస. ఆజ్ఞలు జబ్బును చూపిస్తాయి. మీ వ్యాసకర్త వాటినే మందు అనుకున్నారు.

అయితే నమ్మితే చాలు, ఎలా బతికినా ఫరవాలేదా అన్న ప్రశ్న మీ పాఠకుల్లో చాలామందికి వస్తుంది. పౌలుకు కూడా అదే ప్రశ్న ఎదురైంది. రోమా పత్రిక ఆరో అధ్యాయం దాంతోనే మొదలవుతుంది, అట్లనరాదన్నదే ఆయన జవాబు. ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసం గురించే ఆయన మాట్లాడాడు. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రిక సరేసరి. ఈ విషయంపై 1547లో ట్రెంట్ మహాసభలో రోమన్ కేథలిక్ సంఘం లూథరన్ల వాదనను ఖండించినా, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్ సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా కలిసి, మన యోగ్యత వల్ల కాక కృపవల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సేవ నుంచి ఎదిగిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం కూడా ఆ సమాఖ్యలో సభ్యసంఘమే.

మీ వ్యాసకర్తను ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదని కూడా ఒప్పుకోవాలి. ఆయన మన ఊళ్లలో చూసింది చూసినట్టు రాసి ఉండవచ్చు. నగలు తీసేస్తేనే బాప్తిస్మం అంటున్న చోట్లున్నాయి. దశమభాగం (రాబడిలో పదో వంతు) ఇవ్వనివాళ్లకు శాపం తప్పదని బెదిరించేవాళ్లున్నారు. ప్రార్థన చేసిన నూనె సీసాలను అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఆ వ్యాపారానికీ టెట్జెల్ పత్రాలకూ తేడా ఏమిటో నాకు అర్థం కాదు. నిరాడంబరంగా ఉండాలనుకోవడం, సంఘానికి కానుక ఇవ్వడం మంచి అలవాట్లే. వాటిని రక్షణకు షరతులుగా పెట్టినప్పుడు సున్నతి స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. ఇక కులం సంగతి వేరే చెప్పాలా? క్రీస్తు మరణాన్ని స్మరించుకునే ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకుని, పెళ్లి సంబంధం దగ్గరా సమాధి స్థలం దగ్గరా ఎవరి దారి వాళ్లు చూసుకునే మా సంఘాల్లో, అంతియొకయ తగువు ఇంకా తేలలేదు.

ఆ వ్యాసాలను ముందుముందు పుస్తకంగా వేసే ఆలోచన ఉంటే, ఆ వాక్యాన్ని ఇలా సవరించమని మనవి: ‘క్రైస్తవులు పది ఆజ్ఞలను దేవుని ఆజ్ఞలుగానే గౌరవిస్తారు, అయితే రక్షణ వాటిని పాటించినందుకు వచ్చే జీతం కాదని, క్రీస్తునందలి విశ్వాసం ద్వారా ఉచితంగా దొరికే వరమని నమ్ముతారు.’ ఇలా రాస్తే కేథలిక్కులూ లూథరన్లూ ఇద్దరూ అభ్యంతరపెట్టరు; ఆ ఇద్దరినీ ఒక్క వాక్యానికి ఒప్పించడానికి 1999 దాకా పట్టింది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుంటూరు