కాయ నల్లబడితే తప్పంతా డ్రైవర్‌దేనా?

సంపాదకులు గారికి,

పుట్లూరు, నార్పల వైపు నుంచి అరటి ఎత్తుకుని హైదరాబాద్ పోయే ఏసీ లారీ నడుపుతాను. కాయ నల్లబడితే అందరూ డ్రైవర్ మీదే పడతారు. బండిలో ఏసీ యూనిట్ ఉండేది చల్లబెట్టిన సరుకును అట్లాగే నిలబెట్టడానికి. మే నెల ఎండలో కోసిన కాయను వేడివేడిగా తెచ్చి పైకప్పు దాకా సందు లేకుండా పెట్టెలు కుక్కితే అదేం చేస్తుంది, గాలి ఆడే దారే ఉండదు కదా. అరటికి 13, 14 డిగ్రీలు చాలు. "ఇంకా తగ్గించు" అంటారు కొందరు, తగ్గిస్తే తొక్క బూడిదరంగుకు తిరిగి సరిగ్గా పండదు.

ఇక గోదాము గేటు దగ్గర పడిగాపులు. లారీ ఇంజిన్ ఆపినా యూనిట్‌కున్న సొంత ఇంజిన్ డీజిల్ తాగుతూనే ఉంటుంది, ఓనరేమో ఫోన్ చేసి ఆపేయమంటాడు, ఆపితే సరుకు పోతుంది, టెన్షన్ మాకు. చాలా యూనిట్లు కరెంటుతోనూ నడుస్తాయి. గుత్తి, డోన్ దగ్గర 44వ నంబరు హైవే పక్కన లారీలు ఆగే చోట ప్లగ్గులు పెట్టించండి, ఆ మోత లేకుండా మేమూ కాసేపు కునుకు తీస్తాం. లోడు ఎక్కించేటప్పుడు కాయ ఎన్ని డిగ్రీలుందో బిల్లు మీద రాసి సంతకం పెట్టాలని అధికారులు రూలు తేవాలి.

- ఒక లారీ డ్రైవర్, అనంతపురం